డనెరాక్ ఫలకం మీది పుర్రె

ముందుగా మనవడు హెక్టర్ లీస్క్‌కు ఒక సవరణ. మొన్న ఆదివారం భోజనాల దగ్గర పాస్టరు గారికి మా మెట్ల మీద వేలాడే నల్ల చెక్క ఫలకం చూపించి, "ఆ పుర్రె మా వంశ చిహ్నమండీ, చావుకు వెరవని వాళ్లమని అర్థం" అన్నావు. కాదు. ప్రభువు పోయినప్పుడు గుమ్మానికి కట్టే ఫలకం మీద పుర్రె వేస్తే, ఆ వంశంలో ఇక మగవాడు మిగల్లేదని, బిరుదు కూడా అతనితోపాటే మట్టిలోకి పోయిందని అర్థం. అది తెలియక నువ్వు దాన్ని ఉంగరం మీద చెక్కించుకున్నావు, పెళ్లి పళ్లేల అడుగున వేయించుకున్నావు. నీ ఇంట్లో సూపు తాగిన ప్రతి అతిథికీ, అడుక్కి వచ్చేసరికి, ఈ వంశం అయిపోయిందన్న కబురు అందుతోంది. పాస్టరు గారు మర్యాదస్తులు కనక దగ్గి ఊరుకున్నారు.

ఇక విషయం. యూఫీమియా ఆగ్‌స్టన్ లీస్క్ అనే నేను, డనెరాక్ ఎనిమిదవ ప్రభువు కూతురిని, పశువుల డాక్టరు కీర్తిశేషులు టామస్ లీస్క్ భార్యను, కింకార్డిన్‌షైర్‌లోని వాక్‌మిల్ ఇంట్లో, స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసిన ఆఖరి వీలునామా ఇది. మోకాళ్లు పోయాయి. చెవులు హెక్టర్ అనుకున్నంతగా పోలేదు. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. దీన్ని అమలు జరపవలసినది లాయరు డేవిడ్ పెట్రీ. ఆయన దీన్ని అందరి ఎదుటా పైకి చదవాలి, మొహమాటానికి ఏ వాక్యమూ మింగకూడదు.

1. నా దగ్గర లేని ఆస్తి గురించి మొదట. డనెరాక్ బిరుదును మొదటి ప్రభువు సొంత బావమరిదిని రాజు మనుషులకు పట్టించి సంపాదించాడు. మూడోవాడు అడవిని జూదంలో పోగొట్టాడు. అయిదోవాడు లోయలోని కుటుంబాలను మంచులోకి వెళ్లగొట్టి, వాళ్ల పొలాల్లోకి గొర్రెలను దింపాడు. వాళ్లలో చాలామంది ఓడలోనే చచ్చారు. చిత్రపటంలో మాత్రం ఆయన చేతిలో బైబిలు ఉంటుంది. బిరుదు మగవాడి నుంచి మగవాడికే అని రాజు రాసిచ్చాడు. కనక నేను లెక్కలోకి రాను, నా కొడుక్కి పుట్టిన నువ్వూ రావు. ఎడిన్‌బరోలో నీకు వంశవృక్షం అల్లిపెడుతున్న పెద్దమనిషి, బిరుదు నిద్రపోతోందనీ, కోర్టులో తట్టి లేపవచ్చుననీ అన్నాడట. అది నిద్రో చావో నాకు తెలుసు. పక్కన కూర్చున్నదాన్ని నేను.

2. అన్న ఆర్చీ మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సు బురదలో పోయాడు. పూడ్చడానికి ఏమీ దొరకలేదు. ఆ కబురుతో నాన్న పోయాడు. తమ్ముడు నినియన్ విషవాయువు పీల్చిన ఊపిరితిత్తులతో ఇంటికి వచ్చి తొమ్మిదవ ప్రభువయ్యాడు. ఒక్క శీతాకాలం ఏలాడు, ఏలింది మంచాన్ని. పనివాళ్లు "ప్రభూ" అంటే, "అలా పిలవకండర్రా, నవ్వొస్తుంది. నవ్వితే రక్తం పడుతోంది" అనేవాడు. ఆ చలికి రంగు ఆరదని, బళ్లకు రంగులేసే శాండీ కూపర్ ముందుగానే వచ్చి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మగారూ, అడక్కూడదు గానీ, ఫలకం కింద పుర్రె వెయ్యనా వొద్దా? వేసేశాక మళ్లీ ఎవరన్నా పుట్టుకొస్తే మాటొచ్చేది నాకే." నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి నినియన్ పలికాడు: "వెయ్యమను, ఈఫీ. పెద్దది వెయ్యమను. రోడ్డు మీంచి కనపడాలి." నెల తిరక్కుండా ఫలకం గుమ్మానికి ఎక్కింది. బిరుదు ముగిసిందని దాని ఆఖరి యజమాని నోటి నుంచే విన్నాను. ఆ మాట కొట్టేసే అధికారం నాకే లేదు, నీకు ఎక్కడిది?

3. వాక్‌మిల్ ఇల్లు, దొడ్డి, వాగు దాకా ఉన్న పొలం సర్వహక్కులతో హెక్టర్ చెల్లెలు, ఊరి బడిలో టీచరు, ఇజబెల్ లీస్క్‌కు చెందవలసినది. ఆ పిల్ల ఈ ఇంట్లోనే ఉంటూ నాకు స్నానం చేయిస్తోంది, నా తిట్లు పడుతోంది. కోర్టు ఖర్చుల కోసం దీన్ని హోటలు వాళ్లకు అమ్ముదామని హెక్టర్ ఆలోచన. నేను చెవిటిదాన్ననుకుని నా కుర్చీ పక్కనే చెల్లెలితో అన్నాడు: "నీకేమే, ఊళ్లో అద్దెకి గది దొరక్కపోదు. లార్డుగారి చెల్లెల్నని చెప్పు, ఇంటావిడ టీ కూడా ఇస్తుంది." అది లేచి నా చెంచా తుడిచింది. అయిదోవాడి తరువాత, బిరుదు కోసం మనిషిని గుమ్మం బయట నిలబెట్టే పనికి మా ఇంట్లో ఇంకొకరు పూనుకోవడం నేను ఒప్పను.

4. హెక్టర్‌కు నినియన్ చేపల గాలం, ఈకల ఎరల పెట్టెతో సహా. నీ మణికట్టు అచ్చం వాడిదే. చిన్నప్పుడు నువ్వు మొదటిసారి వాగులోకి గాలం విసరడం చూసి నేను ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. నా బ్యాంకు సొమ్ములో సగం ఇజబెల్‌ది, మిగతా సగం నీదే. బిరుదు కోసం నువ్వు కోర్టులో ఒక్క కాగితం దాఖలు చేసినా ఆ సగం రేవులోని రక్షణ పడవవాళ్లకు పోవలసినది. వాళ్లు కనీసం బతికున్నవాళ్లను వెతుకుతారు.

5. టామస్ అంత్యక్రియల రోజు నా ఆడపడుచు గ్రిజెల్ "ఓసారి చూసిస్తా" అని పట్టుకెళ్లిన వెండి టీ కూజా ఆమెకే. ఈపాటికి చూడడం అయ్యుంటుంది.

6. ఇజబెల్, ఇది చదవడం అవగానే టీ కోసం ఆగకు. పడమటి వైపు కప్పు రాళ్లు జారి వంటింటి గోడలోకి నీళ్లు దిగుతున్నాయి. అమ్మబోయే ఇంటికి రిపేరెందుకని మీ అన్న వాయిదా వేయిస్తూ వచ్చాడు. తిన్నగా స్టోన్‌హేవెన్ వెళ్లి, కప్పులు వేసే జార్డీ మచ్‌ను పిలు. వచ్చేవారం వస్తానంటాడు. సరేననకు. వాడి నిచ్చెన బండి ఎక్కేదాకా వాడి గుమ్మంలోనే కూర్చో.

1962 అక్టోబరు 9, వాక్‌మిల్.

యూఫీమియా ఆగ్‌స్టన్ లీస్క్ (నా చేతి సంతకం, వణుకు చలికి)

సాక్షులు:
అలన్ ఫోర్సైత్, వైద్యుడు
జెస్సీ మిల్న్, పోస్టాఫీసు