తలుపు వెనక మాత్ర

షాబాన్ నెల చివరి రోజు, రేపే రంజాన్
తీర్మానం: రంజాన్ నెలంతా మాత్ర ఒక్క రోజు కూడా మానను. ఇంట్లో ఎవరికీ తెలియనివ్వను.
"పోయినేడులా మధ్యలో ఆపితే మళ్ళీ మంచం పడతావు" అంది ఫెస్ పట్నంలో డాక్టరమ్మ. పోయినేడు రెండు నెలలు గోడ చూస్తూ పడుకున్నాను. ఆ గోడ నాకు కంఠస్థం. ఇంకోసారైతే బడిలో ఉద్యోగం ఊడుతుంది. మా వంశంలో మొదట చదువుకున్నదాన్ని నేనే, మొదటి టీచర్నీ నేనే. మొదటి పిచ్చిదాన్నన్న బిరుదు కూడా ఎందుకని దాస్తున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజుకి మా ఇంట్లో పేరు 'టీచర్ల శిక్షణ'. మొరాకో మొత్తంలో నా అంత శిక్షణ పొందిన టీచర్ ఉండదు.

రంజాన్ 1
తెల్లవారకముందే తినే సహరీకి అందరం ఒకే పళ్ళెం చుట్టూ. గింజ తీసేసిన ఖర్జూరంలో మాత్ర పెట్టి మింగేశాను. చదువు వృథా పోలేదు.

రంజాన్ 3
"ఈ పిల్ల ఖర్జూరం నమలదేం? గింజతో సహా మింగుతోంది" అంది నానమ్మ.
"చదువుకున్నవాళ్ళకి తీరికెక్కడిది?" అంది వదిన గిజ్లాన్.

రంజాన్ 6
సహరీకి లేవలేకపోయాను. ఈ జబ్బుకి తెల్లవారుజాము పడదు. మధ్యాహ్నం వంటింటి తలుపు వెనక రొట్టె ముక్క, మాత్ర, నీళ్ళు. సరిగ్గా అప్పుడే వదిన. నా పని అయిపోయిందనుకున్నాను.
"ఆ రోజులా?" అని కన్నుగీటింది. "ఆలివ్‌లు కూడా తీసుకో. మామయ్య చూడకుండా కానివ్వు."
నెలసరిలో ఉపవాసం ఉండదు. తలుపు వెనక ఎవరు నములుతున్నా ఆడవాళ్ళెవరూ అడగరు. ఇంతకంటే మంచి చాటు నేను వెతికినా దొరకదు.

రంజాన్ 8
తలుపు వెనక నిన్నటి చేప కూడా. సహరీకి లేవడం మానేశాను.
జబ్బు మనిషికి దేవుడు ఉపవాసం సడలించాడు. నాది జబ్బేనని ఆయనకి చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది అమ్మకి.

రంజాన్ 13
"ఇంకా అవలేదా ఇతిమాద్? వారం దాటింది. అత్తయ్యకి చెప్పి మంత్రసానికి చూపిద్దామా?" అంది వదిన.
"అయిపోయింది వదినా."
చాటు కూడా అయిపోయింది. రేపు సహరీకి లేస్తాను.

రంజాన్ 14
లేవలేదు.

రంజాన్ 15
లేవలేదు. సాయంత్రం ఇఫ్తార్‌తో ఉపవాసం విడిచాక వేసుకోవచ్చు, కానీ ఇంటినిండా చుట్టాలు. పైగా డాక్టరమ్మ పొద్దున్నే వేసుకోమంది. ఫోన్ చేసి అడగొచ్చు, కానీ ఎవరైనా వింటే? అయినా ఉపవాసమే పెద్ద మందట, టీవీలో చెప్పారు. కడుపుకి విశ్రాంతి ఇస్తున్నాం, మాత్రలకి ఇవ్వకూడదా?

రంజాన్ 19
తల దువ్వుకోలేదు. హరీరా సూప్ వేడిగా ఉంది, రుచి లేదు. బడికి జ్వరమని కబురు పంపాను.

రంజాన్ 20
గోడ. కొత్త విశేషాలేమీ లేవు.

రంజాన్ 21
దిష్టి తగిలిందని అమ్మ తేల్చింది. మసీదు ఫకీహ్ గిన్నె లోపల కుంకుమపువ్వు నీళ్ళతో ప్రార్థన రాసి, ఆ కడిగిన నీళ్ళే మందుగా ఇచ్చాడు. ఆ గిన్నె వీధి మొత్తం చూస్తుండగా ఇంటికొచ్చింది. ఆ మందుకి సిగ్గు లేదు.

రంజాన్ 22
నానమ్మ వాకిట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. చక్కెర నీళ్ళు పోస్తే లేచింది. ఆవిడకి షుగర్. సహరీలో మాత్ర వేసుకుని, ఉపవాసం వద్దని అమ్మ పెట్టిన మధ్యాహ్నం భోజనం రోజూ పిల్లులకి పెట్టిందట. నేను దొంగతనంగా తింటుంటే, ఆవిడ దొంగతనంగా మానేస్తోంది.
"జబ్బు మనిషికి దేవుడే వద్దన్నాడు కదా అత్తయ్యా. ఎవరి మెప్పు కోసం?" అంది అమ్మ.
"ఇంటిల్లిపాదీ పస్తుంటే నేనొక్కదాన్నే నములుతూ కూర్చోనా? సిగ్గు కాదూ?"
"నాకూ అదే సిగ్గమ్మా" అన్నాను గుమ్మంలోంచి. ఫెస్, శిక్షణ, మాత్ర, అన్నీ చెప్పేశాను.
"అయితే ఆ ఆలివ్‌లు?" అంది వదిన.
"మాత్రకి తోడు."
"పిచ్చి డాక్టరా?" అంది అమ్మ. "మెల్లగా మాట్లాడు. కిటికీ తీసి ఉంది."
"పోయినేడు పిల్ల రెండు నెలలు పడుకున్నప్పుడు కిటికీ మూసే ఉందిగా" అంది నానమ్మ. "ఏం ఒరిగింది?"

రంజాన్ 23
డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఉపవాసం ఆపి, మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, సోమవారం రమ్మంది. "ముందే అడిగితే ఇఫ్తార్‌కి మార్చేదాన్ని కదమ్మా" అంది. చదువుకున్నదాన్ని కదా, అడగలేదు.
మధ్యాహ్నం వాకిట్లో నానమ్మా నేనూ ఒకే పళ్ళెం. ఒకరి గొంతు ఒకరు కనిపెడుతూ మాత్రలు మింగాం. పక్కింటి హాజ్జా తౌరియా వచ్చింది.
"ముసలావిడ సరే. ఈ పిల్లకేం?"
"షుగర్" అంది అమ్మ.
ఒక్క మాటతో నా జబ్బుకి ప్రమోషన్. హాజ్జా కళ్ళు తుడుచుకుంది. నా గోడకి ఎవరూ ఏడవలేదు.

రంజాన్ 24
హాజ్జా నాకోసం చక్కెర లేని బాదం బిళ్ళలు పంపింది. చప్పగా ఉన్నాయి. సగం నానమ్మ తినేసింది.
మా వీధిలో పళ్ళెం ఖాళీగా తిరిగి వెళ్ళదు. "ఏం పెట్టి పంపను?" అంది అమ్మ.
"నేను తీసుకెళ్తాను. షుగర్ కాదని చెప్పొస్తాను."
అమ్మ పళ్ళెం వదల్లేదు. చాలాసేపు తుడిచిందే తుడిచింది. తర్వాత తేనె చబాకియా మిఠాయిలు అంచుదాకా నింపి నా చేతికిచ్చింది.
"ఇఫ్తార్‌కి తిననీ. నోరు తీపయ్యాక చెప్పు."
తీర్మానం, మళ్ళీ మొదటి నుంచి: మాత్ర ప్రతిరోజూ. తలుపుకి ఇవతల.
సాయంత్రం అజాన్ వినిపించింది. పళ్ళెం బరువుగానే ఉంది. వెళ్తున్నాను.