వెంట్రుకవాసి శ్రుతి

అక్కకు,

నీ తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నేను, నీ మరదలు, మా ఇంట్లో మకాం పెట్టిన నీ కూతురు, అందరం కులాసా. నువ్వూ బావగారూ కూడా కులాసాగానే ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం చదవడం పూర్తయ్యాక నీ మనసు ఎలా ఉంటుందో మాత్రం ఊహించలేకపోతున్నాను.

ఫోన్ చేయకుండా ఈ కాగితాలేమిటని అంటావు. ఫోన్‌లో అయితే నేను నాలుగు మాటలు మాట్లాడేలోపే "పోనీలేరా" అనేస్తావు. నువ్వలా అంటే చాలు, నేను హాయిగా ఆగిపోతాను. పదకొండేళ్లుగా అలాగే ఆగిపోతూ వచ్చాను. అందుకే నువ్వు మధ్యలో అడ్డుపడే వీల్లేకుండా కాగితం ముందు కూర్చున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ చెవి మిషను పెట్టుకుంటోంది కానీ, తనకు నచ్చని మాట వచ్చిందంటే బ్యాటరీ అయిపోయిందంటుంది. మోకాలి నొప్పి కాస్త నయం. స్టూడియో వెనక గోడ చెమ్మ ఇంకా ఆరలేదు. శబ్దం కొట్టుకోకుండా నువ్వు కుట్టిచ్చిన బొంతలు ఆ గోడ మీంచి తీసి ఎండలో వేశాం. పని ఉందా అని అడిగావు. ఉంది. పెద్ద స్టూడియోల గడప తొక్కలేని పాటగాళ్లు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. పోయిన వారం ఒకాయన వచ్చి, ఏదో ఆఫీసు మైకులో వేయడానికట, "దయచేసి వరుసలో నిలబడండి" అని ముప్ఫై రకాలుగా చెప్పి వెళ్లాడు. ఇరవయ్యోసారికి నేనే లేచి నిలబడ్డాను.

ఇక నీ కూతురి సంగతి. ఒకచోట నిలవదు కాబట్టి అమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. దాని చేత నువ్వు పంపిన ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "దానికి పాట పిచ్చి పట్టింది. ఒకసారి మైకు ముందు పాడించు. పాడింది దానికే వినిపించు. నాకు ముప్ఫయ్యేళ్లకు తెలిసింది దానికి పదహారేళ్లకే తెలిస్తే మంచిది. మనింటి ఆడవాళ్ల చెవి నమ్మదగింది కాదని మావయ్య చెబితే వింటుంది" అని రాశావు.

మంగళవారం పొద్దున్న పాడించాను. హెడ్‌ఫోన్లు తలకు పెద్దవై జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని పాడింది. అక్కడక్కడ తొందరపడుతోంది. పై స్వరాలకు వెళ్లేటప్పుడు భుజాలెత్తుతోంది. కానీ రెండో చరణంలో ఒకచోట గొంతును కాస్త వెనక్కి పట్టి, అప్పుడు వదిలింది. అచ్చం నువ్వే. పాట ఆపించి అద్దం ఇవతలి నుంచి మైకులో అడిగాను.

"ఇదెక్కడ నేర్చుకున్నావే?"

"అమ్మ దగ్గర."

"అమ్మ పాడటం మానేసిందిగా?"

"మిక్సీ తిప్పేటప్పుడు పాడుతుంది మావయ్యా. ఎవరికీ వినపడదనుకుంటుంది. తనక్కూడా వినపడకూడదనేమో. నేను మంచినీళ్ల వంకతో వెళ్లి పక్కన నిలబడతా. మిక్సీ ఆగిందంటే అమ్మా ఆగిపోతుంది."

చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదక్కా. అంత మంచి గొంతు మిక్సీ చాటున దాక్కుని బతుకుతోంది. దాన్ని అక్కడికి తరిమింది నేను.

నువ్వు మా స్టూడియోలో పాడిన రోజు గుర్తుందిగా. స్టూడియో పెట్టి అప్పటికి మూడు నెలలు. ఆ పొద్దున్న వేణువు మాస్టారు వచ్చి వాయించి వెళ్లారు. ఆయన వేణువు మామూలు శ్రుతికన్నా వెంట్రుకవాసి తక్కువ పలుకుతుంది. ఆయనకు సరిపడేలా నా కీబోర్డు శ్రుతి అంతే దించాను. పనయ్యాక మళ్లీ ఎత్తాలి. మర్చిపోయాను. మధ్యాహ్నం నువ్వు వచ్చావు. నువ్వు పట్టుకుని పాడటానికి అదే కీబోర్డు మీద గైడ్ ట్రాక్ వాయించి నీ హెడ్‌ఫోన్లలో పెట్టాను. నువ్వు దాన్ని నమ్మి పాడావు. సాయంత్రం కీబోర్డు స్విచ్ ఆపేశాను. దాని గుణం ఏమిటంటే, ఆపి మళ్లీ వేస్తే శ్రుతి తనంతట తానే మామూలు చోటికి వచ్చేస్తుంది. మర్నాడు అసలు వాద్యాలన్నీ దానిమీదే వాయించాను. ఎప్పటిలాగే గైడ్ ట్రాక్ మ్యూట్ చేసి, ఆ వాద్యాలను నీ పాట కింద పరిచాను.

ఆల్బమ్‌కు డబ్బు పెట్టిన పెద్దమనిషినీ నిన్నూ కూర్చోబెట్టి వినిపించాను. మొదటి చరణం కాకముందే ఆయన మొహం చిట్లించి, "పాటంతా శ్రుతి కిందికి పోతోందమ్మా" అన్నాడు. నిజంగానే పోతోంది. నీకూ వినపడింది, నాకూ వినపడింది. ఎందుకో మాత్రం ఆ క్షణాన నాకు తట్టలేదు. మళ్లీ పాడతానన్నావు. అయిదుసార్లు పాడావు. భయం గొంతులోకి దిగాక పాట ఎలా వస్తుంది? సారిసారికీ బిగుసుకుపోయావు. చివరికి హెడ్‌ఫోన్లు తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, "నా చెవే నన్ను మోసం చేసిందిరా" అన్నావు.

మూడో రోజు వేణువు మాస్టారు చిన్న దిద్దుబాటు కోసం మళ్లీ వచ్చారు. ఊదబోయి ఆగి, "కీబోర్డు ఎత్తులో ఉందేమయ్యా? మొన్న నాకోసం దించావుగా" అన్నారు. అప్పుడు తట్టింది నాకు. ఆయన వెళ్లగానే నువ్వు మొదటి రోజు పాడిన పాట తెరిచి, వాద్యాలన్నీ మ్యూట్ చేసి, గైడ్ ట్రాక్ మీద నీ గొంతు ఒక్కటే విన్నాను. అక్కా, మొదటి అక్షరం నుంచి చివరిదాకా నువ్వు ఒక్కచోట కూడా తప్పలేదు.

నీ బదులు పాడటానికి పెద్దమనిషి మాట్లాడిన ఆవిడ మర్నాడు మధ్యాహ్నం రావాలి. అంటే నాకు ఒక రోజంతా ఉంది. పెద్దమనిషికి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేయలేదు. కీబోర్డు శ్రుతి చూసుకోవడం కూడా చేతకానివాడని పేరు పడుతుందని భయం. ఆయన ఇంకో నాలుగు ఆల్బమ్‌లు ఇక్కడే చేస్తాడని ఆశ. ఆ సాయంత్రం నిన్ను బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "పాట అందరికీ అచ్చిరాదులే అక్కా" అన్నాను. తెలియక అన్నది కాదు. అన్నీ తెలిసి అన్నాను. నువ్వు కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరి, "నువ్వు బాధపడకు" అన్నావు.

చెప్పాలని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నీకు బడిలో ఉద్యోగం వచ్చింది, ఇప్పుడెందుకులే అనుకున్నాను. పిల్ల చదువు, బావగారి బదిలీ, ఎప్పుడూ ఏదో ఒక వంక దొరికేది. పదకొండేళ్లు అలా గడిచిపోయాయి.

మంగళవారం మధ్యాహ్నం బీరువాలోంచి పాత డిస్కు తీసి, పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని, నీ పాట గైడ్ ట్రాక్‌తో కలిపి వినిపించాను. అప్పటికి దానికి ఏ సంగతీ చెప్పలేదు. గొంతు ఎవరిదని అది అడగలేదు. కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని, కదలకుండా వింది. పాట అవగానే రికార్డింగు ఆపే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. చివరి స్వరం గదిలో పూర్తిగా అణిగేదాకా నడవనిస్తాను. ఆ మిగిలిన ముక్కలో ఏముందో నేను మర్చేపోయాను.

నువ్వు ఊపిరి తీసుకుని, "శ్రుతి సరిపోయిందిరా?" అని అడుగుతున్నావు.

"సరిగ్గా సరిపోయిందక్కా, బయటికి రా, టీ తాగుదాం" అంటున్నాడు ఎవడో.

పిల్ల నా వైపు తిరిగింది. "ఇది నీ గొంతే కదా మావయ్యా?"

"అవును."

"మరి అమ్మెందుకు మానేసింది?"

అంతా చెప్పాను. అది ఏడవలేదు, అరవలేదు. "అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని మాత్రం అడిగింది. అదే రోజు అమ్మకూ చెప్పాను. పెద్దదానికి పాట అచ్చిరాలేదని ఇన్నేళ్లూ చుట్టాలందరికీ చెప్పుకుంటూ వచ్చిన మనిషి. "ముందు దానికి చెప్పు. తర్వాత నాతో మాట్లాడు" అని అటు తిరిగి పడుకుంది. పిల్ల అయితే అన్నం కావాలన్నా నీ మరదలినే అడుగుతోంది.

పిచ్చుక పాడగలదా అని కదా నీ ప్రశ్న. ఆ తీర్పు నా నోట చెప్పించకు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నువ్వే విను. ఎక్కడ తొందరపడుతోందో, ఎక్కడ బెదురుతోందో నాకన్నా ముందు నీకే తెలుస్తుంది. నీ చెవికి ఏ రోజూ ఏ లోపమూ లేదు.

రేపటి రైలుకి పిల్ల చేతికే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించే ముందు దాన్నే చదవమన్నాను. నన్ను క్షమించమని చివర ఆరు వరసలు రాశాను. అక్కడిదాకా చదివి, నా చేతిలో పెన్ను తీసుకుని, ఆ ఆరు వరసలూ అడ్డంగా కొట్టేసింది. "అది అమ్మ ఇష్టం మావయ్యా. నువ్వు అడగకూడదు" అంది. మూడు రోజుల్లో నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఈ మాటలకు పైన నువ్వు చూసే గీతలు అవే. మళ్లీ శుభ్రంగా రాయకుండా అలాగే పంపుతున్నాను.

ఇట్లు,
తమ్ముడు