సోమవారం నీళ్లు

అప్పలరాజన్నా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. ఈవేళ మన ప్రైవేటు యూనివర్సిటీలో పెద్ద సభ చేశారు. గంజాం దగ్గర రుషికుల్య సముద్రంలో కలిసే మొగలో ప్రతి సోమవారం నువ్వు సీసాకెత్తి తెచ్చిన నీళ్ల మీద మన ల్యాబు సార్ రాసిన పేపరు అచ్చయింది. ర్యాంకు పెరుగుతుందని పైవాళ్లకి ఒకటే సంబరం.

గోసాని నువాగాం నుంచి వదినని పిలిపించి, శాలువా కప్పి, ఆ పేపరు చేతిలో పెట్టారు. ఇంగ్లీషు రాకపోయినా నీ పేరూ, పక్కనున్న తారీకులూ వేలు పెట్టి చూసుకుంటూ ఒక చోట ఆగిపోయింది.

"బాబూ, ఇది మీ అన్న పెద్దకర్మ రోజు కదేటి? ఆ రోజు నీళ్లకెలా ఎల్లారు?"

"అచ్చు తప్పు, వదినా" అన్నాను.

"పోన్లే. కాగితంలోనైనా ఇంకో ఆర్నెల్లు తిరిగారు" అని మడిచి సంచిలో పెట్టుకుంది.

అలలు ఎక్కువైన రోజున రిజిస్టర్లో "తేలేదు" అని రాసి అంకె గడి ఖాళీగా వదిలేసేవాడివి నువ్వు. నువ్వు పోయాక సార్ ఏమన్నాడో తెలుసేటి? "ఏడాది నిండకపోతే పేపరు లేదు. పేపరు లేకపోతే ఈ ల్యాబు మూసేస్తారు, నువ్వూ నేనూ ఇంటికే." మిగిలిన సోమవారాలన్నీ ల్యాబులో కుర్చీ కదలకుండానే నిండిపోయాయి.

ఇప్పుడు సోమవారం పూట తలుపు చప్పుడైతే రిజిస్టరు మూసేస్తాను, అసలు నీళ్ల సీసా పట్టుకుని నువ్వొచ్చావేమోనని.

వదినకి చెప్పలేనిది నీకు చెబుతున్నాను. ఆ రోజు మీ ఇంట్లో నీ పెద్దకర్మ భోజనం తిని, చెయ్యి కడుక్కుని, నేరుగా ల్యాబుకొచ్చి, నీ పేరు పక్కన ఆ అంకె వేసింది నేనే.