నీ గదిలో వడ్లు

తమ్ముడూ,

నీ గది తాళం పగలగొట్టింది దొంగలు కాదు, నేనే. పోలీసుల దగ్గరికి వెళ్తే నా పేరే చెప్పు.

కోసిన వడ్లు వానకు తడిసి కుప్పలోనే వేడెక్కుతున్నాయని, తాళంచెవి పంపమని ఫోన్లో ఎంత బతిమాలాను! "కొత్త టైల్స్ పాడైపోతాయక్కా" అన్నావు. ఈ పొలం తిండి తిన్న నోటితోనే అన్నావా ఆ మాట?

మర్నాడు కుప్పలో చెయ్యి పెడితే మొలకలు తగిలాయి. మీ బావ గడ్డపార తెచ్చి గుమ్మం దగ్గర జంకుతూ నిలబడ్డారు. నేనే లాక్కుని ఒక్కటేశాను. నీ సోఫా వసారాలో ఉంది. సగం వడ్లు ముక్కిపోయాయి, మిగతా సగం నీ ఫ్యాను కింద ఆరుతున్నాయి.

కోపముంటే వచ్చి తిట్టు, పడతాను. కానీ చెప్పులు బయట విడిచి రా. ఊరికే నిలబడి తిట్టకు, వడ్లు తిరగేస్తూ తిట్టు.

అక్క