నలుపులో నలుపు కనపడే మానిటర్

గాంధీనగర్, బళ్లారి
9 జనవరి 2008

చిరంజీవి ఈరేష్‌కు మీ బావ హొన్నూరప్ప దీవెనలు. ఇక్కడ మేమందరం క్షేమం. హార్బరు గాలి నీకు పడుతోందని తలుస్తాను.

నీతో ఒక పని పడింది. ఫోనులో చెప్పవచ్చు. కాని ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ అంటాను. పెట్టేసిన తర్వాత దేనికి ఊఁ అన్నానో నాకే తెలియదు. అందుకని రాసి మారన్న చేతికి ఇస్తున్నాను. ఖనిజం దింపడానికి అతను వారానికొకసారి లారీతో చెన్నై వస్తూనే ఉంటాడు గదా.

నాకు కంప్యూటర్ మానిటర్ ఒకటి కావాలి. పాత ఫోటోలు బాగుచేసే పనికి ఇప్పుడున్న పదిహేనించుల డబ్బా చాలడం లేదు. ఒక ముఖాన్ని పెద్దది చేస్తే చెవి ఒకసారి, ముక్కు ఒకసారి కనిపిస్తాయి. ముక్కు దగ్గరికి వచ్చేసరికి చెవి ఎట్లా ఉందో మరచిపోతున్నాను. బళ్లారి అంగళ్లలో అడిగాను. గనుల దుడ్డు వచ్చినప్పటి నుంచి ఇక్కడ అందరూ గేముల మానిటర్లే అడుగుతున్నారట, అవే తెప్పిస్తున్నారు. నువ్వు అక్కడ కంప్యూటర్ల వీధికి పోయి చూడు.

కొలత ఇరవై నాలుగు ఇంచులు. చుక్కలు అడ్డంగా 1920, నిలువుగా 1200. చుక్కలంటే తెర మీద బొమ్మను అల్లే చిన్న చిన్న బిందువులు. నల్లటి దానికీ ఇంకొంచెం నల్లటి దానికీ తేడా తెలియాలి. వేగంతో నాకు పని లేదు. గేముల కోసం చేసినది వద్దు.

ఇట్లు,
హొన్నూరప్ప

తా.క.: గేముల కోసం చేసినది వద్దు. రెండోసారి ఎందుకు రాశానంటే, నువ్వు ఉత్తరాల్లో చివర మాత్రమే చదువుతావని మీ అక్క దుర్గ చెప్పింది.

*

చెన్నై హార్బరు, లారీల యార్డు
17 జనవరి

బావకు ఈరేష్ నమస్కారాలు. దుర్గక్కను, మీ అమ్మ నింగమ్మత్తను అడిగినానని చెప్పు.

నీ ఉత్తరం పైనుంచి కింద దాకా చదివినా. అక్కకు ఆ మాట కూడా చెప్పు. దాన్ని పట్టుకొని అంగడికి పోతే వాడు ఒకటే అడిగినాడు. "ఆయన దాని ముందర దినానికి ఎన్ని గంటలు కూర్చుంటాడు?" నేను ఉండేది చెప్పినా. "పది గంటలు. పిలిస్తే పలకడు. అన్నానికి కూడా లేయడు." వాడు నగి, "అర్థమాయె, గేములాడే మనిషి" అని లోపలి నుంచి ఒకటి తెచ్చినాడు. కాదప్పా, గేము వద్దని రాసినాడు, అది కూడా రెండుసార్లు అంటే, "ఇంట్లో అందరూ అట్లే చెప్తారు, రెండుసార్లు చెప్పినారంటే ఖాయం" అన్నాడు.

నాకూ నిజమే అనిపించె. ఇరవై రెండు ఇంచులది తీసుకున్నా. రెండు ఇంచులు తక్కువైనా దాని పికప్ చూడు బావా! సెకనును వెయ్యి ముక్కలు చేస్తే రెండు ముక్కల్లో బొమ్మ మారిపోతాదంట. మన లారీలకు ఈ పికప్ ఉంటే ఘాట్ల మింద గేరు మార్చే పనే ఉండదు.

నీ బావమరిది,
ఈరేష్

తా.క.: ఖాళీ లారీని కాటా మింద తూస్తే పది కిలోలు ఎక్కువ వచ్చె. కాటావాడు మారన్నను దింపి లారీ అంతా వెతికి, కడాకి నీ మానిటర్ పెట్టె మింద "ఇందులో ఖనిజం లేదు" అని రాసి సీలు వేసినాడు. చెరపొద్దు. మళ్లీ యాడన్నా ఆపితే పనికొస్తాది.

*

గాంధీనగర్
24 జనవరి

ఈరేష్‌కు దీవెనలు. అందరం క్షేమం. మానిటర్ కూడా క్షేమంగా చేరింది. అదే బాధ.

నేను చూసేది ఫోటో. ఫోటోలో మనుషులు నిలబడి ఉంటారు. వాళ్లు ఎక్కడికీ పరిగెత్తరు. వాళ్లను తరుముకోవడానికి నాకు పికప్ ఎందుకు?

నువ్వు పంపిన దాంట్లో నల్లనివన్నీ ఒకే నలుపు. ఆటల్లో చీకటి సందులు చూపించడానికి అది బాగుంటుందేమో. చెట్టు నీడలో నిలబడిన నలుగురు మనుషులు నాకు ఒకే కంబళి కప్పుకున్న ఒక లావుపాటి మనిషిలాగా కనిపిస్తున్నారు. తల ఎత్తితే తెర తెల్లబడుతుంది, దించితే నల్లబడుతుంది. నిన్నంతా కోడిలాగా ఎత్తి దించి, ఎత్తి దించి మెడ పట్టుకుంది. మా అమ్మ ఆముదం రాసింది.

దీన్ని మార్చి నేను రాసినదే పంపు.

హొన్నూరప్ప

తా.క.: పెట్టెలో కార్ల పందెం సీడీ ఒకటి వచ్చింది. మీ అక్క ఒకసారి చూస్తానని పొద్దున కూర్చుంది. మధ్యాహ్నానికి మూడో స్థానంలోకి వచ్చింది. "ఇంగ ఇద్దర్నే దాటల్ల, అంతవరకూ దీన్ని ముట్టుకుంటే చూడు" అంటోంది. కాబట్టి మార్చడం కుదరదు, వేరేది కొను.

*

చెన్నై హార్బరు
2 ఫిబ్రవరి

బావకు నమస్కారాలు. మెడ ఎట్లుండాది?

ఈసారి వేరే అంగడికి పోయినా. వాణ్ని నోరు తెరవనీయలేదు. "మా బావకు ముఖాలు పెద్దగా కనపడాల. వేగం మాట్లాడొద్దు, గేము మాట్లాడొద్దు, ఆయన గంటలు గంటలు ఏం చేస్తాడని అడగొద్దు" అని ముందే చెప్పేసినా. నువ్వు ఇరవై నాలుగు ఇంచులు అడిగితివి, నేను ముప్పై రెండు పంపిస్తాండా. ఎక్కువ వచ్చే ఎనిమిది ఇంచులు నా తరఫున అనుకో. పేరుకు టీవీ గాని కంప్యూటర్ వైరు కూడా ఎక్కుతాది. ఇంగ ఎంత ముఖమైనా దాంట్లో పట్టల్లంతే.

ఈరేష్

తా.క.: మా ఓనరు ఇంద్రసేన రెడ్డి మొన్న ఈడికి వచ్చిండె. వాళ్ల నాయన పటం నువ్వు దసరాకే చేసి ఇచ్చేసినావంట గదా, భాళ బాగుండాదని మెచ్చుకున్నాడు. మరి ఇప్పుడు ఎవురి ముఖం చూసేకి బావా ఇంత అవస్థ?

*

గాంధీనగర్
9 ఫిబ్రవరి

ఈరేష్‌కు దీవెనలు.

ఒక సేరు జొన్నలు చాప మీద పోస్తే కుప్పగా ఉంటాయి. అవే జొన్నలు కల్లమంతా పరిస్తే జొన్నకూ జొన్నకూ నడుమ మేక పడుకోవచ్చు. జొన్నలేమీ ఎక్కువ కాలేదు. నీ టీవీలో చుక్కలు అడ్డంగా 1366, నిలువుగా 768. నేను అడిగిన దాంట్లో సగం కూడా లేవు. ముఖం పెద్దదైంది, మనిషి మాయమైపోయాడు. నాకు కావలసింది పెద్ద కల్లం కాదు నాయనా, ఎక్కువ జొన్నలు.

ఎవరి ముఖం అని అడిగావు. అది నా సొంత పని. అంతకంటే రాసేది లేదు.

మారన్నకు ఒక సీడీ ఇచ్చాను. అంగట్లో దాన్ని పెట్టించి ఫోటో తెరువు. వెనక వరుసలో చెట్టు నీడన ఉన్నవాళ్లు నలుగురూ విడివిడిగా కనిపిస్తే ఆ మానిటర్ కొను. లేకుంటే లేచి వచ్చెయ్. అంగడివాడితో మాట్లాడవద్దు.

హొన్నూరప్ప

తా.క.: టీవీని మా అమ్మ తన మంచం ఎదుట పెట్టించుకుంది. నాకు కావలసినది తప్ప, ఈ ఇంట్లో తక్కిన అందరికీ కావలసినవి నువ్వు బాగా పంపుతున్నావు.

*

చెన్నై హార్బరు
18 ఫిబ్రవరి

హొన్నూరప్ప గారికి ఈరేష్ రాయడం ఏమనగా,

నిన్న అక్క ఫోను చేసె. నువ్వు భూతద్దం పెట్టుకొని ఒకే ఫోటో చూస్తావంట. అక్క వస్తే దాని మింద కాగితం కప్పుతావంట. ఎవురని అడిగితే "ఎవరూ లేరు" అన్నావంట. ఎవురూ లేనిదానికి రెండు మానిటర్లు చాలక మూడోదా?

నాకుండేది ఒకతే అక్క. ఆమె కార్ల పందెంలో రెండో స్థానానికి వచ్చింది సంతోషంతో కాదు, బాధతో. "ఆయప్ప ఆ ఫోటోలో దూరిండాడు, నేనింగ ఏం చేయల్లరా? కార్లు తోల్తాండా" అని ఆమే చెప్పె. నలభై ఏడేండ్లు వచ్చినాయి నీకు. మాట్లాడని మనుషులను నమ్మొద్దని మా నాయన పెండ్లి నాడే అన్నాడు, మేమే వినలేదు.

సీడీ నేను తెరవలేదు. బీరువాలో పెట్టి బీగం వేసినా. రేపు పెద్దమనుషుల ముందర కూర్చుంటే సాక్ష్యానికి కావాల.

ఈరేష్

తా.క.: ఆమె పేరేంది? ఏ ఊరు? కప్పగల్లు అయితే దాచొద్దు. మా మేనమామలు ఆడ్నే ఉండారు, సుమ్నె, ఊరికే పోయి మాట్లాడొస్తారు.

*

గాంధీనగర్
23 ఫిబ్రవరి

ఈరేష్‌కు. దీవెనలు తర్వాత.

ఆ ఫోటో 1961లో తీసింది. హగరి వ్యవసాయ ఫారానికి ఎవరో పెద్ద అధికారి వచ్చిన దినం. ముందు కుర్చీలో, ఎండలో, ఇంద్రసేన వాళ్ల నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పటం కోసమే ఆ ఫోటో నా దగ్గరికి వచ్చింది. వెనక, నీడలో, కూలివాళ్లు నిలబడి ఉన్నారు. ఫారం పేరు చెప్తే మా అమ్మ అంది: "ఆ దినం మీ నాయన కూడా పన్లోనే ఉండె. ఫోటో తీసినారని చెప్పె. యాడో ఒక తాన ఉంటాడు."

నేను పుట్టిన పదకొండో నెలలో ఆయన పోయాడు. వేరే ఫోటో లేదు. బళ్లారిలో సగం మంది నాయనల ముఖాలు నేను బాగుచేశాను. మా నాయన ముఖం నాకు తెలియదు. అది నువ్వుగింజంత ఉంది, నీడలో ఉంది.

ఆయన కోసం వెతుకుతున్నానని అమ్మకూ మీ అక్కకూ ఎందుకు చెప్పలేదంటే, ఆశపెట్టిన తర్వాత అక్కడ ఏమీ కనిపించకపోతే వాళ్లకూ బాధ. నేనొక్కడినే పడితే చాలుననుకున్నాను. ఈ సంగతి రాయడానికి నాకు మూడు కాగితాలు చెడిపోయాయి.

హొన్నూరప్ప

తా.క.: ఆ వరుసలో ఆడవాళ్లే లేరు. సీడీ పెట్టి చూసి ఉంటే తెలిసేది.

ఇంకొక తా.క.: మీ మేనమామలు నిన్న రానే వచ్చారు. కాఫీ తాగారు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మా అమ్మతో పాటు టీవీ చూసి వెళ్లిపోయారు. మళ్లీ ఆదివారం వస్తారట, సీరియల్ సగంలో ఉంది.

*

చెన్నై హార్బరు
6 మార్చి

బావ పాదాలకు ఈరేష్ నమస్కారాలు. ఈసారి నేను బళ్లారికి వస్తే చెప్పు తీసుకొని కొట్టు. అక్క కూడా కొడతానంది, ఇద్దరూ మాట్లాడుకొని ఒక టైము పెట్టుకోండి.

బీరువా తెరిచి సీడీ తీసుకొని నాలుగు అంగళ్లు తిరిగినా. ప్రతి తానా "సార్, కార్ల పందెం పెట్టి చూపిస్తా" అనేదే. "మా ఇంట్లో పందెం తోలేవాళ్లు ఉండారు, నువ్వు ఈ సీడీ పెట్టప్పా" అంటిని. ఐదో అంగట్లో ఒక ముసలాయన ఉండె. పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లు ఆయన దగ్గరే కొంటారంట. నన్ను ఏమీ అడగలేదు. సీడీ తీసుకొని మూలలో ఉండే మానిటర్‌లో పెట్టినాడు. అచ్చం నీ మాదిరి మనిషి. మీ ఇద్దర్నీ ఒక రూములో పెడితే గోడలే మాట్లాడుకోవాల.

చెట్టు నీడ విడిపోయె బావా! కంబళి గుంజినట్టు. నలుగురూ వేరే వేరే నిలబడుకోనుండారు. చొక్కాల గుండీలు కనపడె. ముసలాయన ఇంకా దగ్గరికి తెస్తాంటే "చాలు సామీ, ఆపండి" అని లేచినా. ముఖాలు నేను చూడలేదు. ముందర చూడాల్సినోడు నువ్వు.

ఈరేష్

తా.క.: పెట్టెను వెనక వేయొద్దని చెప్తే మారన్న తన పక్క సీట్లో కూర్చోబెట్టి తువ్వాలతో కట్టినాడు. దారిలో ఎవురన్నా సీటు అడిగితే ఏం చెప్తావప్పా అంటే, "హొన్నూరప్పన్న వాళ్ల నాయన కూర్చోనుండాడని చెప్తా" అన్నాడు.

*

గాంధీనగర్
15 మార్చి

చిరంజీవి ఈరేష్‌కు దీవెనలు, పోయినసారి ఆపినవి కూడా కలిపి.

మానిటర్ చేరింది. ఇదే. నలుపులో నలుపు కనిపిస్తోంది.

నలుగురిలో ఒకాయన తలపాగా చుట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు. మంచి మీసం. ఆయనే అనుకున్నాను. ఒక పూటంతా ఆ మీసం చూస్తూ గడిపాను. తర్వాత అమ్మను పిలిచాను. "వాడు కెంచప్ప. మన గడ్డపార ఎత్తుకపోయి ఇంతవరకూ తెచ్చియ్యలేదు" అంది. ఆ చివరన, పొట్టి చొక్కాతో, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని, మెడ వంచి ఉన్నవాడి మీద వేలు పెట్టింది. "ఈయప్ప."

కండ్లు మూసుకుని ఉన్నాడు.

ఈరేష్, రెండు నెలలు, మూడు మానిటర్లు, కాటావాడి సీలు, మీ మేనమామలు, ఇన్ని దాటుకుని నేను అక్కడిదాకా పోతే ఆయన కండ్లు మూసుకున్నాడు. అధికారి ముందు వినయానికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు సరే, ఒక్క క్షణం కండ్లు తెరుచుకుని ఉండరాదా? నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది.

పటాల్లో మూసిన కండ్లు తెరవడం నేను చేసే పనే. రెండు దినాలు కూర్చుని తెరిచాను. నమూనాకు నా కండ్లే తీసుకున్నాను. గంభీరంగా వచ్చింది. అమ్మకు చూపించాను.

"ఎవురిది?" అంది.

"నాయనే."

"మీ నాయన యాడిది, తహసీల్దారు మాదిరి ఉండాడు. ఆ కండ్లు తీసెయ్."

తీసేశాను. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"మూసుకోలేదురా. నగుతాండాడు. ఫోటో తీసే ఆయన నల్లగుడ్డ కప్పుకొని వంగితే, మేక వచ్చి వెనక నుంచి ఆ గుడ్డ నమలబట్టిందంట. దొరలందరూ బిగుసుకొని కూర్చోనుండారంట. నగు ఆపుకునేకి తువ్వాల అడ్డం పెట్టుకుంటినని ఇంటికొచ్చి చెప్పి చెప్పి నగె. నగితే మీ నాయనకి కండ్లు కనపడవు."

తర్వాత నా వైపు చూసి అంది: "నీకూ అంతే. నువ్వు నగింది ఎవురు చూసినారు గాని."

పటం ఉన్నది ఉన్నట్టే కట్టాను.

మీ బావ,
హొన్నూరప్ప

తా.క.: పైన మేక దగ్గర సిరా అలుక్కుంది, ఏమీ అనుకోవద్దు. అక్కడ రాస్తూ ఉండగా మా అమ్మ మీ అక్కను కేకేసింది: "దుర్గా, ఆ కారు ఆపి జల్దీ రా. ఈడ ఇంకొగడు కండ్లు మూసుకున్నాడు."