లోపం నీది కాదక్కా

అక్కా,

గొడ్రాలనే మాట పడలేక నువ్వు పత్తి మందు తాగిన రోజు మళ్లీ వచ్చింది. నీ స్థానంలో నన్ను బావకు కట్టబెట్టి ఆరేళ్లయింది. నాకూ పిల్లలు లేరు.

పోయిన నెల హనుమకొండలో డాక్టరమ్మ నన్ను చూసి, "నీకేం లోపం లేదమ్మా, నీ భర్తను తీస్కరా" అన్నది. బావను బతిమాలి తీసుకుపోయాను. పరీక్ష చేశాక ఆయనతో నెమ్మదిగానే చెప్పింది.

"మీ వీర్యంల చీమున్నది. లోపల సూక్ష్మక్రిములు చేరినయ్. ఎన్నో ఏండ్ల సంది వీర్యకణాలను చంపుతానయ్. మందులు వాడుండ్రి. మేలైతదో లేదో ఇప్పుడే చెప్పలేను."

ఎన్నో ఏళ్లంటే నీ కాలం నుంచే కదా అక్కా.

బయటికి రాగానే బావ మందుల చీటీ చింపేశాడు. ఇంటికొచ్చి అత్తతో, "దీంట్లనే లోపమున్నదట" అన్నాడు.

"అక్క తీరే చెల్లె. నర్సంపేటల ఇంకో పిల్లను చూద్దాం" అంది అత్త. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

ఈ పొద్దున బస్సెక్కి నర్సంపేట పోయి, అత్త మాట్లాడి పెట్టిన పిల్లకూ, ఆమె తల్లికీ అంతా చెప్పాను. "సవతొస్తదని కడుపుమంటతోని చెప్తానవ్" అని తల్లి కసిరింది. పిల్ల మాత్రం గడప దాకా నా వెంట వచ్చి, "మీ అక్క ఎట్ల సచ్చిపోయింది?" అనడిగింది. అదీ చెప్పాను.

నేను ఇల్లు చేరేలోపే పిల్ల తండ్రి బావ దుకాణానికి ఫోన్ చేశాడట. "నీ మొగడు దుకాణం మూసి వస్తాండు" అని చెప్పి, అత్త పెరటి తలుపుకు తాళం వేసింది.