బండ వేయమంటే బీరువా

అక్కకి,

నేను కులాసా, తిండికి లోటు లేదు, బెంగ పెట్టుకోకు. బొమ్మల క్లాసులో మొదటి రోజే పరువు పోయింది. నీటి రంగుల్లో బండ రాయి వేయమన్నారు మాస్టారు. ఇన్నేళ్లు గోడలకి రంగు కొట్టిన చెయ్యి కదా, మరకన్నది లేకుండా నున్నగా తేల్చాను. "బండ వేయమంటే బీరువా వేశావేమయ్యా!" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. ఇప్పుడు కిటుకు పట్టేశాను. రంగు మీద తడి మెరుపు తగ్గేదాకా ఆగి, చిటికెడు ఉప్పు చల్లి, ఆరాక దులిపేస్తే రాతి గరుకు దానంతటదే వస్తుంది.

అన్నట్టు, వంటింటి గోడ మీది చెమ్మ మరకకి సున్నం వేయించకు. అంత మంచి మరక ఇక్కడ వెతికినా దొరకదు, వచ్చి దాన్ని చూసి బొమ్మ వేసుకుంటాను. చంటిదానికి దగ్గు తగ్గిందా? పాత నూలు గుడ్డలుంటే పంపు, మబ్బులు అద్దడానికి కావాలి.

కార్డు వెనక ఉన్న బండ నేను వేసిందే. "సున్నాలు కొట్టేవాడికి బొమ్మలెందుకు" అన్నాడుగా బావ, ఏమీ చెప్పకుండా ఆయన చేతికియ్యి. గరుకు నిజమేననుకుని వేలితో తడిమి చూశాడా, నేను గెలిచినట్టే. చూడకపోతే నేనే వచ్చి ఆ గోడకి సున్నం కొడతాను. నా పాత సున్నం కుంచె మాత్రం వెతికి పెట్టకు, దాని అవసరం రాదు.

పిల్లలకి ముద్దులు.
నీ తమ్ముడు